నాలుగో పోర్టు

మావగారి షెడ్డు ఇంటి వెనకే ఉంది. ఇంజిన్ పైభాగంలో ఉండే హెడ్డు అనే అల్యూమినియం దిమ్మలో గాలి వెళ్ళే దారుల్నీ పొగ వచ్చే దారుల్నీ, అంటే పోర్టుల్ని, అరగదీసి బళ్ళకి వేగం పెంచడం ఆయన నలభై ఏళ్ళ పని. కోడలు పళ్ళ డాక్టరు. మధ్యాహ్నం మూడు దాటాక ఆవిడ పిడికిట్లో ఏదో పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. వచ్చిన తీరు చూస్తే కుశలం అడగడానికి వచ్చినట్టు మాత్రం లేదు.

"ఇది నాది కాదని మాత్రం అనకండి మావయ్యా."

"ఏదీ, ఇలా వెలుతుర్లో పెట్టు. ఏమోనమ్మా. ఇక్కడ ఇలాంటివి నూటొక్కటి ఉన్నాయి."

"మీరు లోహం అరగదియ్యడానికి తిప్పే బర్‌లు నా చిటికెనవేలంత లావు. ఇది అగ్గిపుల్ల తలంత కూడా లేదు. వజ్రం పొడి అద్దిన బర్. పళ్ళు అరగదియ్యడానికి తప్ప దేనికీ పనికిరాదు."

"అయితే నీదే అయ్యుంటుంది."

"నాదే. అటక మీద సంచిలో ఉండాల్సింది. కట్టుడుపళ్ళు నునుపు చేసే చిన్న మోటారు కూడా అందులోనే ఉండాలి. మోటారు లేదు. ఇదేమో బాత్రూమ్ కిటికీలో, సబ్బునీళ్ళ గ్లాసులో నానుతూ కనపడింది."

"ఎలకలు..."

"ఎలకలు తెచ్చి సబ్బునీళ్ళలో నానబెట్టాయా?"

"ఈ మధ్య బాగా తెలివిమీరాయిలే."

"మావయ్యా."

"సరే. నేనే తీశా. అడుగుదామనే వచ్చా, నువ్వు పడుకున్నావు."

"దీని గతి చూడండి. వెండిపూత పూసినట్టయింది. వజ్రం ఎక్కడుందో వెతుక్కోవాలి."

"అల్యూమినియం అంతే తల్లీ. మెత్తటి లోహం. వేడెక్కిందంటే జిగురులా పట్టేస్తుంది. సన్నపళ్ళ బర్ పెట్టావనుకో, పళ్ళ సందుల్లో రజను ఇరుక్కుపోయి, బర్ కాస్తా గుండ్రాయి అయి కూర్చుంటుంది. సన్నపళ్ళు ఇనుముకి. అల్యూమినియానికి పళ్ళు తక్కువుండాలి, సందులు పెద్దవుండాలి, రజను బయటికి ఎగిరిపోవాలి. సానరాయీ పనికిరాదు, నిమిషంలో మూసుకుపోతుంది. వజ్రం సంగతైతే చెప్పనే అక్కర్లేదు, నాలుగు తిప్పుళ్ళకే..."

"నాలుగు తిప్పుళ్ళకే?"

"...ఇదిగో, ఇలా అవుతుంది."

"ఇంత తెలిసీ పెట్టారు."

"చూద్దామని."

"నలభై ఏళ్ళుగా తెలిసిన సంగతిని ఇవాళ కొత్తగా చూద్దామనిపించిందా?"

"ఇంతకీ నువ్వు అటక ఎందుకెక్కావు?"

"మాట దాటెయ్యకండి."

"దాటెయ్యడం కాదు, అడుగుతున్నా. రెండు నెలల్నించీ ఆ సంచి వైపు తలెత్తి చూడలేదు నువ్వు. అందుకే ధైర్యంగా తీశా. ఇవాళ నిచ్చెన వేసుకుని మరీ ఎందుకెక్కినట్టు?"

"దుమ్ము దులుపుదామని."

"దుమ్ము."

"ఆ, దుమ్ము. మీరు చూద్దామని, నేను దులుపుదామని. సరిపోయిందా?"

"సరిపోలేదు. క్లినిక్ ఎప్పుడు తెరుస్తున్నావు?"

"చెప్పాగా. కుర్చీ రిపేరు."

"ఏం రిపేరు?"

"పైకి లేవదు."

"పోయిన గురువారం మావాడి దగ్గర తాళం తీసుకుని వెళ్ళా. కూర్చున్నా. లేచింది. వెనక్కి వాలింది. పుక్కిలించడానికి నీళ్ళు కూడా ఇచ్చింది. ఇంట్లో ఇంత మర్యాద నాకెవరూ చెయ్యలేదు."

"మీకెందుకండీ ఆ పని?"

"రిపేరంటే ఊరుకోలేను. అదో జబ్బు."

"సరే, వినండి మరి. ఆరింటికి ఒకాయన వస్తున్నాడు. నా సామానంతా చూసుకుంటాడు. నచ్చితే కుర్చీతో సహా పట్టుకుపోతాడు. అందుకే సంచి దించా, అన్నీ ఉన్నాయో లేదో చూద్దామని."

"అమ్మేస్తున్నావా?"

"అమ్మేస్తున్నా."

"మావాడికి తెలుసా?"

"సాయంత్రం చెప్తా."

"సాయంత్రం అంటే కుర్చీ వెళ్ళిపోయాక."

"ఆ."

"ఆ టీచరమ్మ గురించేనా ఇదంతా?"

"ఆవిడ ఊసెత్తకండి."

"నాలుక మీద మూడు కుట్లు. పది రోజుల్లో మానిపోయింది. మొన్న కూరల కొట్టు దగ్గర కనపడి పావుగంట ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. ఆ నాలుకకేం ఢోకా లేదు, నాది పూచీ."

"బర్ జారింది మావయ్యా. పదమూడేళ్ళలో ఒక్కసారి జారలేదు, ఆ రోజు జారింది. ఆవిడ నోటినిండా రక్తం. నావైపే చూస్తోంది, ఏమైందని అడగడానికి నోరు కదలదు. ఆ రోజు నుంచీ గ్లవ్స్ తొడుక్కుంటే చాలు, ఈ చెయ్యి నాది కాదన్నట్టుంటుంది. నాకింక చేతకాదు. దాని గురించి మాట్లాడొద్దు."

"మాట్లాడను."

"ఇప్పుడు మీ సంగతి చెప్పండి. ఆ బల్ల మీదున్న హెడ్డు ఎవరిది?"

"రేసులాయనది. ఎల్లుండి పోటీ. అయిదింటికి వచ్చి తీసుకెళ్తానన్నాడు."

"నాలుగు పోర్టులుంటే మూడే చేసినట్టున్నారు."

"రెండు గాలి పోయేవి, రెండు పొగ వచ్చేవి. మూడయ్యాయి."

"నాలుగోది?"

"కరెంటు పోయింది."

"ఫ్యాను తిరుగుతోంది."

"ఇప్పుడే వచ్చింది. కంప్రెసర్‌లో గాలి లేదు."

"దాని ముల్లు ఎర్రగీత దగ్గరుంది."

"నీకు ముల్లు చూడ్డం కూడా వచ్చా?"

"మా క్లినిక్‌లో తిరిగేది కూడా గాలితోనే. కాస్త జరగండి, ఈ పోర్టులు చూడనివ్వండి."

"వేలు పెట్టకు, రజను గుచ్చుకుంటుంది."

"పెట్టేశా. మావయ్యా, ఏంటివి? దువ్వెన పళ్ళలా గాట్లు."

"అవా. ఎమరీ కాగితంతో పోతాయిలే."

"మొదటిదాంట్లో లీలగా ఉన్నాయి. రెండోదాంట్లో తెలుస్తున్నాయి. మూడోదాంట్లో వేలికి గరగరమంటున్నాయి."

"బర్ అరిగిపోయింది."

"బర్ ఇక్కడే ఉంది. కొత్తది, పళ్ళు తళతళలాడుతున్నాయి."

"నువ్వు పళ్ళ డాక్టరువి కాదు, పోలీసువి."

"ఇప్పుడర్థమైంది. ఇలాంటి పెద్దపళ్ళ బర్ లోహాన్ని కరిచి పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడు చెయ్యి నిలకడగా లేకపోతే ఎగిరెగిరి పడుతుంది. ఆ ఎగిరిన చోటల్లా ఒక గాటు. అందుకని కొరకని బర్ కోసం వెతుక్కున్నారు. నా వజ్రం బర్ కొరకదు, మెల్లగా గీరుతుంది. పాడైపోతుందని తెలిసీ అందుకే పెట్టారు. అంతేనా?"

"డాక్టర్ని కోడలిగా తెచ్చుకుంటే ఇదే గొడవ."

"చెయ్యి చాపండి."

"గ్రీజుంది."

"గ్రీజుతోనే చాపండి. వేళ్ళు విడదియ్యండి. రెండోది కూడా. ఎన్నాళ్ళ నుంచి?"

"పొద్దున్నపూట బాగానే ఉంటుంది."

"ఎన్నాళ్ళ నుంచని అడిగా."

"చలికాలం నుంచి. చలికేమో అనుకున్నా. ఎండలొచ్చాయి, ఇది పోలేదు. మావాడితో చెప్పకు. చెప్పావంటే ఈ షెడ్డుకి తాళం వేసి నన్ను టీవీ ముందు కూర్చోబెడతాడు."

"ముందు డాక్టరుకి చూపించాలి."

"చూపిస్తున్నాగా."

"నాకు కాదు. నేను పళ్ళు చూస్తా."

"చూడటం లేదుగా."

"సరే, సరే. ఈ హెడ్డు సంగతేంటి మరి?"

"అయిదింటికి ఆయనొస్తే చెప్పేస్తా. నావల్ల కాలేదు, ఇంకెవరికైనా చూపించుకో అని."

"ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. నా దగ్గరికొచ్చేదే అందుకు. మూడు ఒకలా, ఒకటి ఒకలా ఉంటే ఒక సిలిండరు ఉరుకుతుంది, రెండోది ఈడ్చుకుంటూ వస్తుంది. అవన్నీ నీకెందుగ్గానీ, నీ బర్ పాడుచేశా కదా. బదులుగా నా బర్ ఇస్తా. ఓ పది నిమిషాలు తిప్పి చూడు."

"వద్దు."

"బల్ల కింద పాత హెడ్డొకటి ఉంది. పగిలిపోయింది. దాని మీద."

"నా చేతికి తిరిగేదేదీ ఇవ్వకండి."

"దానికి నాలుక లేదు, పెదవి లేదు. ఎంత కోసినా అరవదు. చెడిపోతే పాత సామానులోకి పోతుంది. ఎలాగూ పోయేదేగా."

"మీకెందుకిదంతా?"

"నాకు సరదా. నలభై ఏళ్ళ పని, ఎవరికీ చూపించలేదు. మీ ఆయనకి చిన్నప్పుడు చూపించబోతే చెవులు మూసుకుని పరిగెత్తాడు. బ్యాంకులో చేరింది కూడా అక్కడ చప్పుడుండదనే అని నా అనుమానం."

"పది నిమిషాలే."

"పదే. ఇంట్లోకెళ్ళి ఓ కొవ్వొత్తి పట్రా. జుట్టు కూడా ముడేసుకుని రా."

"కరెంటుందిగా, కొవ్వొత్తి ఎందుకు?"

"వెలిగించడానిక్కాదు. బర్‌కి మైనం రాస్తే రజను అంటుకోదు."

"ఇదిగో మీ కొవ్వొత్తి. అప్పుడే పాత హెడ్డు బల్లకి బిగించేశారా?"

"బిగించా."

"మరి రేసులాయనదేదీ?"

"రెండూ ఒకచోట ఉంటే కలిసిపోతాయి. ఒకటి కింద పెట్టా."

"ఇది పగిలిందన్నారు. ఎక్కడ?"

"లోపల. కంటికి కనపడదు. నీకు ఎక్స్‌రే ఉంది, నాకు నీళ్ళు పోసి చూస్తే తెలుస్తుంది."

"మిగతా మూడింట్లో గుడ్డలెందుకు కుక్కారు?"

"రజను పోకుండా."

"పారేసేదాంట్లోకి రజను పోతే ఏం?"

"అలవాటమ్మా. పీకి పారేసే పన్నుకి నువ్వు మత్తెందుకిస్తావు?"

"పన్నుకి కాదు, మనిషికి."

"ఇది కూడా నాకోసమే అనుకో. కళ్ళద్దాలు పెట్టుకో. ముందు గ్రైండరు, అదే బర్‌ని తిప్పేది. ఇదిగో, ఇది కరెంటుది, అది గాలిది. ఏది కావాలి?"

"కరెంటుది పట్టుకుంటే చెయ్యి గుంజుతోంది. గాలిది ఇవ్వండి, కలంలా పట్టుకోవచ్చు."

"దాని గుణం కూడా మంచిదే. మీట ఎంత నొక్కితే అంతే తిరుగుతుంది. ఇప్పుడు బర్. మూడు పెట్టా. ఇది స్తంభంలా ఉంది, ఇది బంతిలా, ఇది కోడిగుడ్డులా."

"గుడ్డు."

"ఎందుకు?"

"స్తంభానికి చివర అంచుంది, మలుపులో గాటు పెడుతుంది. బంతి గుంతలు చేస్తుంది. గుడ్డైతే ఎటు ఒరిగినా వంపులో కలిసిపోతుంది."

"ఎవరు చెప్పారు?"

"పదమూడేళ్ళు నేను చేసిందేంటి మరి?"

"ఆ ముక్క తెలుసుకోవడానికి నాకు రెండు హెడ్డులు పోయాయి. సరే, మైనం రాయి. ఆగాగు, గాల్లో తిప్పకు. కాడ పొడుగు. బయట ఊరికే జోరుగా తిప్పితే ఊగిపోయి వంగిపోతుంది. లోపల పెట్టు. ఆనీ ఆనకుండా పెట్టి, అప్పుడు మీట నొక్కు."

"మావయ్యా, చెయ్యి..."

"ఎవరిదీ?"

"నాది. వణుకుతోంది."

"వణకనీ. నాదీ వణుకుతోంది. ఇద్దరం బాగా సరిపోయాం. నొక్కు."

"అమ్మో."

"మీట నొక్కమన్నా, బర్ నొక్కమనలేదు. దాని బరువే చాలు. ఒకచోట ఆగకు, ఆగితే గుంట పడుతుంది. చుట్టూ తిరుగుతూనే ఉండాలి. ఆ, అలా. మళ్ళీ మైనం. చప్పుడు మారిందంటే మైనం అయిపోయినట్టు."

"మాకు నీళ్ళు పడుతుంటాయి."

"మాకు కొవ్వొత్తి. పేదవాళ్ళం."

"లోపల ఇక్కడ వంపు దగ్గర మందంగా ఉంది. తియ్యనా?"

"కొంచెం. ఎక్కువొద్దు. ఆ గోడ వెనకాల నీళ్ళ దారి ఉంది. గోడ పలచబడితే చిల్లు పడుతుంది."

"పంటి నరం లాగా."

"నాకు నరాలు తెలీదు. నీకు తెలుసుగా, అంతే జాగ్రత్త. మాట్లాడుతూ చెయ్యి, బిగుసుకుపోకు. కూరల దగ్గర టీచరమ్మ ఏమందో చెప్పనా?"

"వద్దు."

"సరే."

"ఏమంది?"

"మీ కోడలి కుర్చీ ఎప్పుడు బాగవుతుందండీ అంది. ఇంకో పన్ను సలుపుతోందట. ఇంకెవరి ముందూ నోరు తెరవనంది. ఆపకు, చెయ్యి ఆపకు. గుంట పడుతుంది."

"నిజంగా అలా అందా?"

"అంది."

"కల్పించి చెప్తున్నారు."

"నాకంత కల్పనే ఉంటే ఇందాక ఎలకల్ని తీసుకొస్తానా?"

"నవ్వించకండి, బర్ తిరుగుతోంది."

"నవ్వినా కదల్లేదుగా అది. చూసుకున్నావా?"

"ఉండండి, ఉండండి."

"ఏమైంది? ఎందుకాపావు?"

"తెలీదు. అక్కడేదో గట్టిగా తగలబోతున్నట్టనిపించింది. నేనాపలేదు, చెయ్యే ఆగింది."

"టార్చి వేసి చూడు. కనపడిందా, ఆ సన్నటి ఉంగరం? వాల్వు కూర్చునే అంచు అది. దాని మీద వెంట్రుకంత గీత పడ్డా హెడ్డు మొత్తం వృథా. నీ బర్ దానికి బియ్యపుగింజంత దూరంలో ఆగింది."

"ముందే చెప్పొచ్చుగా."

"చెప్తే దాన్నే చూస్తూ కూర్చునేదానివి. భయపడే చోటికే చెయ్యి పోతుంది. ఇప్పుడు ఎమరీ చుట్ట పెట్టుకో, గరుకుది. గాట్లన్నీ కలిపెయ్."

"ఇంకొంచెం సన్నది ఇవ్వండి, అద్దంలా చేస్తా."

"వద్దు. చాలు."

"ఇంకొక్క నిమిషం. ఇక్కడ కొద్దిగా గరుకుంది."

"ఉండాలి. గాలీ పెట్రోలూ కలిసి వెళ్ళే దారది. మరీ నున్నగా ఉంటే పెట్రోలు చుక్కలు కట్టి గోడ వెంట జారిపోతుంది. పొగ దారైతే అద్దంలా చేసుకుని ముఖం చూసుకో. ఆపమన్నానా. ఎంత చెప్పినా వినదు."

"పది నిమిషాలన్నారు. అయిదు కావస్తోంది."

"నా గడియారం నీకంటే మొండిది, చెప్పిన మాట వినలేదు."

"వేలు పెట్టి చూడండి. ఎలా ఉంది?"

"ఊ."

"ఊ అంటే? బాలేదా? చెప్పండి, ఫరవాలేదు. పాతదేగా."

"ఉండమ్మా. కంట్లో రజను పడింది."

"కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నారుగా."

"కళ్ళద్దాల కింద నుంచి పడింది."

"మావయ్యా, ఒక మాట చెప్తా. నాకు బాగా అనిపించింది. అబద్ధమెందుకు, రెండు నెలల తర్వాత ఇవాళే నా చెయ్యి నాదనిపించింది. కానీ చెడితే చెడిందిలే అనుకున్నా కాబట్టి కదిలింది. అసలు హెడ్డైతే ముట్టుకునేదాన్నే కాదు. నోరు వేరు. నోట్లో చెడితే పాత సామానులోకి పోదు."

"పోదు."

"అందుకని ఆరింటాయన్ని రానివ్వండి. ఇదో సరదా, అంతే."

"రానీ. నేనేమన్నానా?"

"పెద్దాయనా, ఉన్నారా? అయిదైంది, వచ్చేశా."

"రావయ్యా. మా కోడలు. అమ్మాయ్, రేసులాయన ఈయనే."

"నమస్తేనండీ. మీ హెడ్డు గురించి మావయ్య మీతో ఒక మాట చెప్పాలనుకుంటున్నారు."

"అయిపోయింది, తీసుకెళ్ళవయ్యా. ఆ గుడ్డలు లాగెయ్. కంప్రెసర్ గాలితో రజనంతా ఊదుకో, ఒక్క ముక్క మిగలకూడదు."

"అయిపోవడమేంటి మావయ్యా? ఆగండి, అది విప్పకండి. అది పాతది. మీది బల్ల కింద ఉంది."

"లేదమ్మా, ఇదే. ఇదిగో, బిగింపు విప్పితే కనపడుతుంది. పక్కన నా బండి నంబరు నేనే చెక్కుకున్నా. బల్ల కిందదానికి బోల్టు పట్టే చెవి విరిగిపోయి ఉంది చూడండి."

"మావయ్యా."

"నీ ఫోను మోగుతోందమ్మా."

"మీరు నాతో పాతదని..."

"ఫోనెత్తు. ఆరింటాయన ముందే వచ్చినట్టున్నాడు."

"హలో. ఆ, నేనే. గేటు దగ్గరున్నారా? సామాను... ఒక్క నిమిషం, లైన్లోనే ఉండండి. మావయ్యా, గోడకి చిల్లు పడి ఉంటే? ఆ అంచు మీద గీత పడి ఉంటే? ఆయనకేం చెప్పేవారు?"

"పదమూడేళ్ళు జారని చెయ్యి కదా, అందుకే ఇచ్చా. ఇంకేం చెప్పను? నువ్వు ముందు ఫోన్లో ఆయనకేం చెప్తావో చెప్పు, పాపం ఎండలో నిలబడ్డాడు."

"పెద్దాయనా, నాలుగింట్లోనూ వేలు పెట్టి చూశా. ఏమీ అనుకోనంటే ఒకటి అడుగుతా. ఈ చివరిది మీ చేతి పనే, కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ మూడూ ఎవరిచేత చేయించారు?"